టోటల్ స్టేషన్ నుంచి క్యాడ్ లైసెన్సు దాకా: చిన్న నిర్మాణ, డిజైన్ ఆఫీసులు సర్కారు సాయం రాబట్టుకోవడం ఎలా?

భోగాపురంలో విమానాశ్రయం, మూలపేటలో పోర్టు పనులు మొదలయ్యాక మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చిన్న కాంట్రాక్టర్లకు సబ్ కాంట్రాక్టుల దారి తెరుచుకుంది. అయితే పెద్ద కంపెనీ సైట్ ఇంజినీరు కాగితం మీద గీసిన స్కెచ్ తీసుకోడు, క్యాడ్ (కంప్యూటర్లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్) మీద గీసిన డీడబ్ల్యూజీ ఫైలు అడుగుతాడు. టేపు పెట్టి కొలిచాం అంటే వినడు, దూరాలు, కోణాలు కొలిచే ఎలక్ట్రానిక్ సర్వే పరికరం టోటల్ స్టేషన్ రీడింగులు చూపించమంటాడు. ఇంటి ప్లాన్ల సంగతీ అంతే. శ్రీకాకుళం, విజయనగరం కార్పొరేషన్లలో ప్లాను ఆన్‌లైన్లోనే పెట్టాలి. డ్రాయింగులో లేయర్లు తేడాగా ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. 18 మీటర్ల లోపు ఎత్తున్న నివాస భవనాలకు 2025లో స్వీయ ధ్రువీకరణ విధానం వచ్చాక సంతకం పెట్టే ఎల్‌టీపీ (లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు) మీద బాధ్యత ఇంకా పెరిగింది. కొలత తప్పితే జవాబు చెప్పాల్సింది ఆయనే.

ఇన్నింటికీ పనిముట్లు కావాలి, వాటికి డబ్బు కావాలి. ముగ్గురు నలుగురు పనిచేసే ఆఫీసుకు ఒక్క టోటల్ స్టేషన్ కొనడమే పెద్ద నిర్ణయం. సర్కారు సాయం ఏమైనా ఉందా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఉంది. కానీ మీరు వెతుకుతున్న పేరుతో ఉండదు.

సింగపూర్‌లో ప్రొడక్టివిటీ సొల్యూషన్స్ గ్రాంట్ అని ఒకటి ఉంది. ప్రభుత్వం ముందే ఆమోదించిన జాబితాలోంచి సాఫ్ట్‌వేర్ కొంటే చిన్న సంస్థకు ఖర్చులో 50 శాతం దాకా సాయం అందుతుంది. నిర్మాణ రంగానికి పనికొచ్చే సాధనాలూ ఆ జాబితాలో ఉంటాయి. మన దగ్గర నిర్మాణ సంస్థల డిజిటల్ సాధనాల కోసమని విడిగా అలాంటి గ్రాంటు లేదు. ఉన్నవి చిన్న పరిశ్రమలకు, సేవా సంస్థలకు ఇచ్చే మామూలు సబ్సిడీలు, గ్యారంటీలే. వాటిలో మీ కంప్యూటర్, ప్లాటర్ (పెద్ద డ్రాయింగుల ప్రింటర్), సర్వే పరికరం, లైసెన్సు అన్నీ ‘పరికరాలు’ అనే పద్దులో ఇముడుతాయి. ఇమిడేలా ప్రాజెక్ట్ రిపోర్టు రాసుకోవడం, మీకు వర్తించే పథకమేదో ముందే తేల్చుకోవడం, మంజూరు రాకముందే కొనేయకుండా ఆగడం. పని మొత్తం ఈ మూడింట్లో ఉంది.

ముందు మీకు ఏం కావాలో రాసుకోండి

దుకాణానికో బ్యాంకుకో వెళ్లకముందే గత ఏడాది మీకు డబ్బు ఎక్కడ ఆగిందో, ఎక్కడ పోయిందో ఒక కాగితం మీద రాయండి. బిల్లు వెనక్కి వచ్చిందంటే కొలతల పుస్తకంలో తేడా వల్లా? ఇనుము ఎక్కువ కోసేశారంటే బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ కడ్డీ ఎంత పొడవు కోయాలో చూపే పట్టిక) లేకపోవడం వల్లా? ప్లాను మూడుసార్లు తిప్పి పంపారంటే డ్రాయింగు లోపమా? టెండరు తేదీ దాటిపోయిందంటే డిజిటల్ సంతకం గడువు చూసుకోకపోవడమా?

ఒక్కో ఇబ్బందికి మందు వేరు. ఇనుము వృథాకు ఎక్సెల్‌లో చక్కగా తయారుచేసుకున్న షెడ్యూలు చాలు, దానికి సబ్సిడీ అక్కర్లేదు. ప్లాన్లు తిరిగి వస్తుంటే క్యాడ్ లైసెన్సు, దాన్ని వాడటం వచ్చిన మనిషి కావాలి. లేఅవుట్లు, రోడ్డు లెవెల్స్ చేసేవాళ్లకు టోటల్ స్టేషన్ ముందు, మిగతావి తర్వాత. టర్నోవర్ 5 కోట్లు దాటిన వాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి, కాబట్టి వాళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎలాగూ తప్పదు. త్రీడీలో మొత్తం భవనాన్ని చూపే బిమ్ సాఫ్ట్‌వేర్ మీద మోజుతో అప్పు చేయకండి. దాన్ని అడిగే క్లయింటు దొరికాక కొనుక్కోవచ్చు.

ఇంకొకటి. సముద్రం పక్కన ఉన్న జిల్లాలు మనవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు రావడానికి రోజులు పట్టింది. మీ జాబితాలో ఇన్వర్టర్ లేదా యూపీఎస్, ఆఫీసు బయట ఎక్కడో భద్రంగా ఉండే బ్యాకప్ తప్పకుండా రాయండి. ప్రాజెక్ట్ రిపోర్టులో వీటిని పెడితే ఎవరూ కాదనరు. తర్వాత కొందాంలే అని వదిలేస్తే మాత్రం ఎప్పటికీ కొనరు.

ఉద్యమ్ సర్టిఫికెట్ సరిచూసుకోండి

చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు అయిన ఉద్యమ్ నమోదు 2020 జులై 1 నుంచి నడుస్తోంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు. ఎవరైనా ‘ప్రాసెసింగ్ ఫీజు’ అడిగితే మీరు అసలు పోర్టల్‌లో లేరని అర్థం. 2025 ఏప్రిల్ 1 నుంచి హద్దులు మారాయి. పరికరాల మీద పెట్టుబడి 2.5 కోట్ల లోపు, టర్నోవర్ 10 కోట్ల లోపు ఉంటే సూక్ష్మ సంస్థ. 25 కోట్లు, 100 కోట్ల లోపయితే చిన్న సంస్థ. మనలో ఎక్కువమంది సూక్ష్మ సంస్థల కిందికే వస్తారు.

నమోదు ఉందిగా అని వదిలేయకుండా సర్టిఫికెట్ తెరిచి రెండు గడులు చూడండి.

మొదటిది పని కోడ్. భవనాలు కట్టేవాళ్లకు 41001, ఆర్కిటెక్చర్, ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ చేసేవాళ్లకు 71100. చాలామంది కాంట్రాక్టు ఒక్కటే నమోదు చేయించి డిజైన్ పని దానిలోనే కలిపేస్తారు. ఆ తర్వాత క్యాడ్ లైసెన్సుకు అప్పు అడిగితే, సిమెంటు పని చేసే సంస్థకు ఇదెందుకని బ్యాంకులో ప్రశ్న వస్తుంది. రెండు పనులూ చేస్తుంటే రెండు కోడ్‌లూ పెట్టుకోండి, సవరణ ఉచితమే.

రెండోది జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ వైపు ఊళ్లు, పార్వతీపురం, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. అంతకుముందు నమోదు చేసుకున్న వాళ్ల సర్టిఫికెట్లలో పాత జిల్లా పేరే ఉండిపోయి ఉండొచ్చు. మీ దరఖాస్తు ఏ జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లాలో ఆ గడిని బట్టే తేలుతుంది. రాజాంలో ఆఫీసు పెట్టుకుని శ్రీకాకుళం చుట్టూ తిరగకూడదంటే ముందు దీన్ని సరిచేసుకోండి. పాన్ మీద ఉన్న పేరు, జీఎస్టీలో ఉన్న పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కూడా అదే రోజు చూసేయండి.

మీకు వర్తించే పథకం ఏది?

ఈ ప్రశ్నకు జవాబు మీరెవరు, సంస్థ పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తప్పు చోట దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లే ఎక్కువ, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కొత్తగా ఆఫీసు పెడుతున్న వాళ్లకు పీఎంఈజీపీ (కొత్త యూనిట్ల బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) ఉంది. బీటెక్ సివిల్ అయ్యాక గాయత్రి, అఖిల వంటి స్నేహితురాళ్లు ఇద్దరు కలిసి డ్రాఫ్టింగ్ సెంటర్ పెట్టాలనుకున్నారనుకోండి, వాళ్లలో ఒకరి పేరు మీద దీనికి వెళ్లొచ్చు. సేవా రంగంలో ప్రాజెక్టు ఖర్చు 20 లక్షల వరకు సబ్సిడీకి లెక్కలోకి వస్తుంది. జనరల్ కేటగిరీలో పట్నంలో 15 శాతం, పల్లెలో 25 శాతం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళలు, దివ్యాంగులు, మాజీ సైనికులకు పట్నంలో 25, పల్లెలో 35 శాతం. సొంత వాటా జనరల్ వాళ్లకు 10 శాతం, మిగతా వాళ్లకు 5 శాతం. సేవా సంస్థ ఖర్చు 5 లక్షలు దాటితే కనీసం ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఒక కుటుంబం నుంచి ఒక్కరికే. పంచాయతీ పరిధిలో ఉన్నది పల్లె, మున్సిపాలిటీ పరిధిలో ఉన్నది పట్నం. ఇవి 2025-26 వరకు ఆమోదించిన మార్గదర్శకాల్లోని అంకెలు. మీరు దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్‌లో ఏముంటే అదే చెల్లుతుంది కాబట్టి ఆ రోజు మరోసారి చూసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పది శాతం ఎక్కువ వస్తుందని పల్లె చిరునామా రాసి ఆఫీసు మాత్రం పట్నంలో నడపకండి. తర్వాత తనిఖీకి వస్తారు. రాసిన చోట యూనిట్ లేకపోతే సబ్సిడీ మొత్తం వెనక్కి పోతుంది, అప్పు మొత్తం మీ నెత్తిన పడుతుంది. నిజంగానే రణస్థలంలోనో చీపురుపల్లిలోనో పెట్టుకోగలిగితే మాత్రం చక్కని ఆలోచన. అద్దె తక్కువ, సైట్లు దగ్గర, సబ్సిడీ ఎక్కువ.

ఇప్పటికే నడుస్తున్న సంస్థకు పీఎంఈజీపీ మొదటి అప్పు రాదు. కానీ ఇంతకుముందు పీఎంఈజీపీ లేదా ముద్ర అప్పు తీసుకుని పూర్తిగా తీర్చేసి, లాభాల్లో ఉంటే, విస్తరణకు రెండో అప్పు అడగొచ్చు. సేవా సంస్థకు 25 లక్షల వరకు, దానిమీద 15 శాతం సబ్సిడీ. ఈ రెండో అప్పు సంగతి మన వైపు చాలామందికి తెలియదు. అయిదేళ్ల కిందట ముద్రలో జిరాక్స్ సెంటరో డ్రాయింగ్ ఆఫీసో పెట్టుకుని అప్పు తీర్చేసిన వాళ్లు పాత కాగితాలు ఒకసారి బయటికి తీయండి.

యజమాని ఎస్సీ లేదా ఎస్టీ అయితే నేనైతే అన్నిటికంటే ముందు చూడమనేది జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ కింద నడిచే ప్రత్యేక క్రెడిట్ లింక్డ్ క్యాపిటల్ సబ్సిడీ. బ్యాంకు టర్మ్ లోనుతో కొన్న పరికరాల మీద 25 శాతం, గరిష్ఠంగా 25 లక్షలు. ఇది 2021 నవంబరు నుంచి సేవా రంగానికీ వర్తిస్తోంది. అంటే నడుస్తున్న డిజైన్ ఆఫీసు, సర్వే సంస్థ, సివిల్ కాంట్రాక్టు సంస్థ కూడా అడగొచ్చు. భాగస్వామ్యమో కంపెనీయో అయితే వాళ్ల వాటా కనీసం 51 శాతం ఉండాలి. క్యాష్ క్రెడిట్‌తోనో సొంత డబ్బుతోనో కొన్నదానికి ఇది రాదు. కాబట్టి లోను దరఖాస్తులోనే ‘ఈ సబ్సిడీకి వెళ్తున్నాం’ అని బ్యాంకుకు చెప్పి రాయించండి. అందరికీ 15 శాతం ఇచ్చే పాత క్రెడిట్ లింక్డ్ పథకం 2020 మార్చి 31తోనే ముగిసిపోయింది. ఇప్పటికీ దాని పేరు చెప్పి కాగితాలు అడిగేవాళ్లుంటే నమ్మకండి.

వీటిలో దేనికీ రాని నడుస్తున్న సంస్థ మాటేమిటి? నేరుగా సబ్సిడీ లేకపోయినా మూడు ఊరటలున్నాయి. 10 లక్షల వరకు (2026 ఏప్రిల్ 1 నుంచి 20 లక్షల వరకు) అప్పుకు సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర బ్యాంకు తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంతకు మించిన అప్పుకు సీజీటీఎంఎస్ఈ అనే ప్రభుత్వ ట్రస్టు గ్యారంటీ ఉంది, దాని హద్దును 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెంచారు. ఇల్లు, పొలం కాగితాలు బ్యాంకులో పెట్టకుండానే పరికరం కొనుక్కునే దారి ఇది. ముద్రలో తరుణ్ స్థాయి అప్పు తీసుకుని తీర్చిన వాళ్లకు 2024 అక్టోబరు నుంచి 20 లక్షల వరకు తరుణ్ ప్లస్ ఉంది. మూడోది, మీరు మామూలు జీఎస్టీలో ఉంటే పరికరం మీద కట్టిన జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. కాంపోజిషన్ (టర్నోవర్ మీద కొద్ది శాతం కట్టే పద్ధతి)లో ఉంటే రాదు. కంప్యూటర్లు, వాటి సాఫ్ట్‌వేర్ మీద ఆదాయపు పన్నులో ఏటా 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ మొత్తం మీద మళ్లీ తరుగుదల చూపకూడదు, ఈ సంగతి మీ ఆడిటర్‌కు గుర్తుచేయండి.

మీకు పేవర్ బ్లాకుల యార్డో, ఫ్లై యాష్ ఇటుకల యూనిటో ఉందా? అయితే ఆ భాగం తయారీ రంగంలోకి వస్తుంది, సంగతి మారిపోతుంది. రాష్ట్ర ఎంఎస్ఎంఈ విధానం 2024-29లోని ప్రోత్సాహకాలు, కేంద్రం ఇచ్చే జెడ్ అనే నాణ్యత సర్టిఫికేషన్ సబ్సిడీ అలాంటి యూనిట్లకే ఎక్కువ పనికొస్తాయి. జెడ్‌లో కాంస్యం స్థాయి ఫీజు 10 వేలు, సూక్ష్మ సంస్థకు అందులో 80 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. యార్డుకు విడిగా లెక్కలు రాసుకుంటే ఈ దారి తేలిక.

మీ దగ్గర పనిచేసే తాపీ మేస్త్రీలు, వడ్రంగుల్ని మరచిపోకండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో ఈ రెండు వృత్తులూ ఉన్నాయి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల వోచరు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. డిజిటల్ చెల్లింపులకు లావాదేవీకి రూపాయి చొప్పున నెలకు 100 వరకు ప్రోత్సాహకం కూడా ఉంది. మేస్త్రి ఫోన్‌లో డబ్బు తీసుకోవడం అలవాటు చేసుకుంటే మీ మస్టరు లెక్కలు సగం సర్దుకుంటాయి.

ప్రాజెక్ట్ రిపోర్టు మీరే రాయండి

జిరాక్స్ సెంటర్లలో వెయ్యి రెండు వేలకు రెడీమేడ్ రిపోర్టు దొరుకుతుంది. దాన్ని బ్యాంకు మేనేజరు ఇప్పటికే పదిసార్లు చూసి ఉంటాడు. మీ పని గురించి మీకంటే బాగా రాసేవాళ్లు లేరు. నాలుగు పేజీలు చాలు.

ఉదాహరణకు రణస్థలం పంచాయతీలో ఒక ఓబీసీ యువకుడు కొత్తగా డిజైన్, సర్వే ఆఫీసు పెడుతున్నాడు అనుకుందాం. రెండు వర్క్‌స్టేషన్లకు 2,20,000. ఏ1 ప్లాటర్‌కు 1,60,000. టోటల్ స్టేషన్, ట్రైపాడ్, ప్రిజం కలిపి 3,90,000. శాశ్వత క్యాడ్ లైసెన్సులు రెండింటికి 80,000. యూపీఎస్, బ్యాకప్ డిస్కులకు 50,000. మొత్తం పరికరాలు 9 లక్షలు. దానిమీద నిర్వహణ పెట్టుబడి లక్ష. ప్రాజెక్టు ఖర్చు 10 లక్షలు. సొంత వాటా 5 శాతం అంటే 50 వేలు. బ్యాంకు ఇచ్చేది తొమ్మిదిన్నర లక్షలు. 35 శాతం మార్జిన్ మనీ (సబ్సిడీ మొత్తం) అంటే మూడున్నర లక్షలు. అది చేతికి రాదు. అతని పేరు మీద బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది. అంత మేర అప్పుకు వడ్డీ వేయరు, గడువు తీరాక అప్పులో సర్దుతారు. అంటే నిజంగా తీర్చాల్సింది 6 లక్షలు, దాని వడ్డీ.

పై జాబితాలో ‘శాశ్వత’ లైసెన్సు అని రాశాను, దానికి కారణముంది. ఆటోక్యాడ్ ఇప్పుడు చందా మీదే దొరుకుతుంది. చందా అంటే మళ్లీ మళ్లీ కట్టే ఖర్చు, అద్దె లాంటిదే. మూలధన సబ్సిడీ అడిగేది ఆస్తి మీద. జడ్‌డబ్ల్యూక్యాడ్, బ్రిక్స్‌క్యాడ్ వంటివి ఒకసారి కొంటే శాశ్వతంగా ఉండే లైసెన్సు కూడా అమ్ముతాయి, డీడబ్ల్యూజీ ఫైళ్లు వాటిలో బాగానే తెరుచుకుంటాయి. వాటిని పరికరాల పద్దులో చూపించడం సులువు. చందాతోనే పని అంటే దాన్ని నిర్వహణ పెట్టుబడిలో చూపండి. పరికరాల పట్టికలో కలిపితే ఒక్క గీతతో కొట్టేస్తారు, మొత్తం అంకెలు తారుమారు అవుతాయి. ఊరికే దొరికే క్యూజీఐఎస్, ఫ్రీక్యాడ్ వంటివి ఎంతవరకు సరిపోతాయో కూడా చూడండి. లేఅవుట్ మ్యాపుల పనికి క్యూజీఐఎస్ ఒక్కటే చాలామందికి సరిపోతుంది.

క్రాక్ వేసిన సాఫ్ట్‌వేర్ వాడే అలవాటు మన వృత్తిలో ఉంది. సర్కారు సాయం కావాలంటే దాన్ని ఇవాళే వదిలేయండి. లైసెన్సు సంస్థ పేరు మీద, జీఎస్టీ బిల్లుతో ఉంటేనే లెక్కలోకి వస్తుంది. కుర్రాళ్లు నేర్చుకునే దశలోనే సొంత లైసెన్సు మీద పనిచేయడం వాళ్ల భవిష్యత్తుకూ మంచిది.

రిపోర్టులో ఆదాయం పేజీ మీద ఎక్కువ సమయం పెట్టండి. ‘నెలకు లక్ష వస్తుంది’ అని ఒక్క వాక్యం రాస్తే చాలదు. నెలకు ఎన్ని ఇంటి ప్లాన్లు, ఒక్కోదానికి ఎంత, ఎన్ని రోజులు టోటల్ స్టేషన్ అద్దెకు తిరుగుతుంది, రోజుకు ఎంత, కరెంటు, జీతాలు, అద్దె పోను ఎంత మిగులుతుంది, వాయిదా ఎంత. పక్క ఊళ్లో ఇద్దరు ఎల్‌టీపీలు, ఒక బిల్డరు ‘మీకు పని ఇస్తాం’ అని లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరాలు జతచేస్తే ఆ పేజీకి బలం వస్తుంది. వర్షాకాలం నెలల్లో పని తగ్గుతుందని కూడా నిజాయితీగా రాయండి. మేనేజరుకు మీ అంకెల మీద నమ్మకం కలిగేది అలాంటి చోటే.

కొటేషన్లు తీసుకోండి, కొనకండి

ఒక్కో పరికరానికి మూడు కొటేషన్లు. వాటి మీద అమ్మేవాళ్ల జీఎస్టీ నంబరు, మోడల్ పేరు, వారంటీ, జీఎస్టీ విడిగా ఉండాలి. టోటల్ స్టేషన్ కొటేషన్‌లో క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్, శిక్షణ కలిపి ఉన్నాయో లేదో అడగండి. మరమ్మతుకు విశాఖపట్నంలో సర్వీసు సెంటర్ ఉన్న కంపెనీదైతే మంచిది, చెడిపోయిన పరికరాన్ని హైదరాబాద్ పంపి ఎదురుచూస్తే సైటు ఆగిపోతుంది. సెకండ్ హ్యాండ్ పరికరాల జోలికి పోవద్దు, సబ్సిడీకి అవి పనికిరావు.

అడ్వాన్సు కూడా ఇవ్వకండి. మంజూరు తేదీ కంటే ముందు తేదీ ఉన్న బిల్లు సబ్సిడీ లెక్కలో నిలవదు. ఆఫర్ అయిపోతుందని దుకాణదారు తొందరపెడతాడు. ఆగండి.

దరఖాస్తు, బ్యాంకు

పీఎంఈజీపీ దరఖాస్తు ఆన్‌లైన్లోనే. ఖాదీ కమిషన్, ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం, వీటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. యూనిట్ పట్నంలో ఉన్నా పల్లెలో ఉన్నా వీటిలో దేన్నయినా ఎంచుకోవచ్చు. ఆధార్, పాన్, చదువు సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ, పల్లె అయితే గ్రామీణ ప్రాంత ధ్రువపత్రం, ప్రాజెక్ట్ రిపోర్టు, ఫొటో. కుల ధ్రువీకరణ సచివాలయంలో తీసుకోవచ్చు.

అసలు నిర్ణయం బ్యాంకుదే, ఇది గుర్తుంచుకోండి. దరఖాస్తు పెట్టకముందే మీ ఖాతా ఉన్న శాఖకు వెళ్లి మేనేజరుతో పది నిమిషాలు మాట్లాడండి. రిపోర్టు కాపీ ఇచ్చి, ఏ పథకం కింద అడుగుతున్నారో స్పష్టంగా చెప్పండి. సిబిల్ స్కోరు ముందే చూసుకోండి. ఎప్పుడో ఎవరికో జామీను ఉన్న అప్పు బాకీ పడి ఉంటే అది మీ పేరు మీద కనిపిస్తుంది. నడుస్తున్న సంస్థ అయితే మూడేళ్ల ఐటీ రిటర్నులు, జీఎస్టీ రిటర్నులు, ఖాతా స్టేట్‌మెంటు. నగదులో నడిపిన వ్యాపారం ఎంత పెద్దదైనా బ్యాంకు కంటికి కనపడదు, కాబట్టి వచ్చే ఏడాది అప్పు అడగాలనుకుంటే ఈ ఏడాది నుంచే బిల్లులు ఖాతాలోకి రానివ్వండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితంతో పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజరును కలిస్తే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

ప్రపంచ బ్యాంకు సాయంతో 6,062 కోట్లతో నడుస్తున్న చిన్న సంస్థల అభివృద్ధి కార్యక్రమం ర్యాంప్ కింద మన రాష్ట్రంలో ఎంఎస్ఎంఈ అభివృద్ధి సంస్థ ద్వారా పనులు జరుగుతున్నాయి. పరిశ్రమల కేంద్రానికి వెళ్లినప్పుడు ఈ కార్యక్రమం కింద జిల్లాలో శిక్షణలు, అవగాహన సదస్సులు ఏమున్నాయో అడిగి పేరు రాయించుకోండి.

సబ్సిడీ ఇప్పిస్తామంటూ శాతం అడిగే దళారులు రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. పీఎంఈజీపీకి దరఖాస్తు రుసుము లేదు, ఏజెంటు అక్కర్లేదు. సబ్సిడీ ప్రభుత్వం నుంచి బ్యాంకుకు వెళ్తుంది, మధ్యలో ఎవరూ దాన్ని ఆపలేరు, ఇప్పించలేరు. చదువుకున్న ఇంజినీర్లు కూడా వీళ్లకు డబ్బు కట్టి మోసపోవడం చూస్తే మనసుకు బాధేస్తుంది. తెలియనిది ఏదైనా ఉంటే నేరుగా కార్యాలయానికి వెళ్లి అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మంజూరు వచ్చాక

ఈడీపీ (వ్యాపారం నడపడంపై ఇచ్చే) శిక్షణ పూర్తి చేయండి, అది లేకుండా మార్జిన్ మనీ రాదు. డబ్బు నేరుగా అమ్మకందారు ఖాతాకు వెళ్తుంది. పరికరం వచ్చిన రోజునే డబ్బా విప్పకముందు, విప్పాక ఫొటోలు తీయండి. సీరియల్ నంబరు బిల్లు మీద ఉన్నదానితో సరిపోల్చండి. తేడా ఉంటే అదే రోజు బిల్లు మార్పించుకోండి, ఆర్నెల్లు పోయాక దుకాణదారు మార్చడు. ఒక పుస్తకంలో పరికరం పేరు, సీరియల్ నంబరు, బిల్లు తేదీ, ఎవరి దగ్గర ఉందో రాసిపెట్టండి. పథకం పేరు, బ్యాంకు పేరు ఉన్న స్టిక్కరు ఒక్కోదానికి అంటించండి.

టోటల్ స్టేషన్ ఎప్పుడూ సైట్లోనే ఉంటుంది. తనిఖీకి వస్తున్నట్టు ఫోను రాగానే దాన్ని ఆఫీసుకు తెప్పించండి, తెప్పించలేకపోతే అది ఏ సైట్లో ఉందో చూపించే పని ఒప్పందం దగ్గర ఉంచుకోండి. ఈ మూడేళ్లలో పరికరం అమ్మడం, ఆఫీసు చిరునామా మార్చడం చేయాల్సి వస్తే ముందు బ్యాంకుకు రాసి అనుమతి తీసుకోండి. వాయిదాలు ఆగకుండా కట్టండి. మూడో ఏడు నిండే నెలలో మేనేజరుకు ఉత్తరం ఇచ్చి, మార్జిన్ మనీ డిపాజిట్‌ను అప్పులో సర్దమని అడగండి. ఆ ఉత్తరం కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకుని, సర్దాక వచ్చిన లోను స్టేట్‌మెంటుతో కలిపి ఫైల్లో పెట్టండి. రెండో అప్పుకు వెళ్లినప్పుడు మొదట అడిగేది ఆ రెండు కాగితాలే.